గట్టి నేల మీద రబ్బరు టైల్స్: నీటికి దారి, వేడికి చోటు

ఆరుబయట కాంక్రీటు గచ్చు మీదనో, తారు పరిచిన నేల మీదనో రబ్బరు టైల్స్ వేసుకోవాలనుకున్నవారిని అన్నిటికంటే ముందు ఇబ్బంది పెట్టేది టైలు రంగో మందమో కాదు, ఒకదానికొకటి పొంతన లేని సలహాలు. జిగురు లేకుండా వేస్తే నాలుగు రోజులు నిలవవని ఒకరంటారు. జిగురు పెడితే రేపు ఒక్క టైలు తీయాల్సి వచ్చినా పీకి పోగులు పెట్టాల్సిందేనని ఇంకొకరంటారు. గోడ పక్కన వేలు దూరేంత సందు వదలాలని ఒక తయారీదారు సూచనల్లో ఉంటుంది, సందన్నదే లేకుండా ఒత్తి బిగించాలని మరొకరి సూచనల్లో ఉంటుంది. చదివినవారికి ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని తోస్తుంది. నిజానికి ఇద్దరూ తమ తమ సరుకు విషయంలో సరిగానే చెబుతున్నారు. టైలు రకం, దాని కింది నేల, చుట్టూ ఉన్న అంచు, ఈ మూడింటిలో ఏది మారినా సలహా కూడా తిరగబడుతుంది. ఈ చిక్కుముడి విప్పడానికి ప్రతి సందర్భంలోనూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: పడిన నీరు ఎటు పోతుంది, వేడికి సాగిన రబ్బరు ఎటు జరుగుతుంది? చెడిపోయిన పనులు నేను చూసినంతలో దాదాపు ప్రతిదీ ఈ రెండిటిలో ఒకదాన్ని మరిచిపోవడం వల్ల చెడినదే.

టైలు లోపల ఏముంది

ముందు టైలు ఎలా తయారవుతుందో తెలిస్తే తక్కిన సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి. ఆరుబయట వాడే టైల్స్‌లో ఎక్కువ భాగం వాడి పారేసిన టైర్ల రబ్బరుతో చేసినవి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరచే పద్ధతి కనుక్కుని, 1844లో దానికి పేటెంటు పొందాడు. ఆ పద్ధతిలో గట్టిపడిన రబ్బరును మైనంలా కరిగించి మళ్ళీ కొత్త అచ్చులో పోయడం కుదరదు. అందుకే పాత టైర్లను నలిపి గింజలుగా చేసి, ఆ గింజలకు పాలీయురేథేన్ జిగురు పట్టించి, అచ్చులో ఒత్తి టైలుగా దించుతారు. రంగుల టైలైతే పైన కొన్ని మిల్లీమీటర్ల మేర ఈపీడీఎం అనే మరో రకం రబ్బరు గింజల పొర ఉంటుంది. ఎండకు తట్టుకోవడంలో అది టైరు రబ్బరు కంటే మెరుగు.

కోసిన టైలు అంచును వెలుతురులో దగ్గరగా పట్టుకుని చూస్తే గింజకూ గింజకూ మధ్య సన్నని ఖాళీలు కనిపిస్తాయి. ఆ ముక్క మీద చెంబుతో నీళ్ళు పోస్తే ఒక్క క్షణం ముత్యాల్లా నిలబడతాయి, తర్వాత ఎక్కడ పోయాయో తెలియకుండా లోపలికి ఇంకి, కాసేపటికి అడుగు నుంచి చుక్కలుగా రాలుతాయి. అంటే ఈ టైలు గొడుగు కాదు, జల్లెడ. పైన పడిన వానంతా కింది గచ్చు మీదికే చేరుతుంది. టైలు అడుగున పొట్టి కాళ్ళలాంటి బొడిపెలో, పొడుగాటి గాళ్ళో ఉండేది ఆ నీటికి నడిచే దారి ఇవ్వడానికే. గింజల మధ్య ఖాళీలు లేకుండా దట్టంగా ఒత్తి చేసిన రబ్బరు పలకలు కూడా దొరుకుతాయి. వాటిలో నీరు అతుకుల దగ్గర మాత్రమే దిగుతుంది, తక్కినదంతా పైనుంచే జారిపోవాలి కాబట్టి నేల వాలు వాటికి ఇంకా ముఖ్యం.

రెండో సంగతి వేడి. కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు పది వంతులు సాగుతుంది. గింజలతో చేసిన రబ్బరు అంతకు సుమారు పది రెట్లు, కొన్ని సరుకుల్లో ఇంకా ఎక్కువ సాగుతుంది. కాగితం మీద చిన్న లెక్క వేసి చూద్దాం. 6 మీటర్ల పొడవున్న వరస తెల్లవారుజాము చలికీ మధ్యాహ్నపు ఎండకీ మధ్య 30 డిగ్రీల తేడా చూసిందనుకుంటే, కాంక్రీటు 2 మిల్లీమీటర్లకు లోపే సాగుతుంది, రబ్బరు వరస 18 మిల్లీమీటర్ల వరకూ సాగాలని చూస్తుంది. నల్లటి రబ్బరు ఎండలో ఎంత కాలుతుందో చెప్పులు లేకుండా దాని మీద అడుగు వేసినవారికి తెలుసు కనుక 30 డిగ్రీల తేడా పెద్ద ఊహేమీ కాదు. ఈ సాగుడు కొంత టైల్స్ తమలో తాము నలగడంలో ఇంకిపోతుంది, కొంత అతుకుల్లో సర్దుకుంటుంది. మిగిలినదానికి చోటు చూపించకపోతే అది పైకి లేస్తుంది.

కింది నేల

రబ్బరు టైలు కింది నేలను బాగుచేయదు, కప్పుతుంది. గచ్చులో ఉన్న గుంట టైలు వేశాక కూడా గుంటే. కాకపోతే కంటికి కనబడని గుంట. కనుక పనిలో ఎక్కువ సమయం, ఎక్కువ ఓపిక టైలు తెరవకముందే ఖర్చు కావాలని నా గట్టి అభిప్రాయం.

తాపీ మేస్త్రీలు వాటం అనే నేల వాలు ముందు చూసుకోవాలి. మీటరుకు 10 నుంచి 20 మిల్లీమీటర్ల వాలు ఉంటే నీరు దానంతట అది నడుస్తుంది. అయితే రసమట్టం పెట్టి చూసిన వాలు సగటు లెక్క మాత్రమే చెబుతుంది, మధ్యలో ఉన్న పల్లాలను చెప్పదు. దానికి గొట్టంతో నేలంతా తడిపి, పొడి వాతావరణంలో గంట ఆగి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. ఆటల కోర్టులు కట్టేవారు గంట తర్వాత కూడా ఒక నాణెం మందం నీరు నిలిచి ఉన్న చోటును లోపంగా లెక్కిస్తారు. అదే కొలత ఇక్కడా పెట్టుకోవచ్చు. నీరు నిలిచిన చోటి చుట్టూ సుద్దతో గీత గీసి, ఆరాక ఆరుబయటికి పనికొచ్చే పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమంతో పూడ్చాలి. ఇంటి లోపల నేలను సమం చేయడానికి వాడే జిప్సం మిశ్రమాలు తడికి మెత్తబడి పొడిపొడిగా రాలిపోతాయి కనుక వాటిని బయట వాడకూడదు. తర్వాత 3 మీటర్ల అల్యూమినియం బద్దను అటూ ఇటూ పెట్టి దాని కింద వెలుతురు ఎక్కడ కనబడుతుందో చూడాలి. 4, 5 మిల్లీమీటర్ల తేడాను మందపాటి టైలు భరిస్తుంది, అంతకు మించితే టైలు అంచులు ఎగుడుదిగుడుగా నిలిచి కాలికి తగులుతాయి.

ఈ పరీక్ష చేయకుండా వేసిన ఒక నేలను ఏడాది తర్వాత నేను విప్పి చూశాను. పైనుంచి చూస్తే ఏ దోషమూ లేదు, రంగు కూడా పోలేదు. నీరు బయటికి పోయే తూముకు రెండడుగుల దూరంలో ఒక టైలును కొక్కెంతో లేపితే ముందు కుళ్ళిన ఆకుల వాసన వచ్చింది. టైలు కాళ్ళ మధ్య వేలు మందం నల్లటి బురద పట్టి, గాళ్ళన్నీ పూడుకుపోయి ఉన్నాయి. కాంక్రీటు మీద పాకుడు, టైలు అడుగున తెల్లని బూజు. కారణం వెతికితే అరచేయి వెడల్పున్న ఒక పల్లం, ఆ పల్లంలో వాన వచ్చినప్పుడల్లా ఆగిన దుమ్ము. అక్కడ ఆగిన మట్టి క్రమంగా అడ్డుకట్ట అయ్యింది, ఆ కట్టకు ఎగువనున్న నేలంతా తడిసి ఆరకుండా ఉండిపోయింది. ఆ పల్లాన్ని ముందే పూడ్చి ఉంటే అరగంట పని.

టైలు అడుగున గాళ్ళు ఒకే దిశలో ఉంటే వాటిని వాలు వెంట పెట్టాలి, వాలుకు అడ్డంగా కాదు. చెప్పుకుంటే ఎంతో మామూలు సంగతిలా ఉంటుంది కానీ, పై రంగు వరసగా కుదరాలన్న ధ్యాసలో టైలును తిప్పి వేసేవారిని చాలామందిని చూశాను.

ఇక నేల రకాన్ని బట్టి జాగ్రత్తలు మారతాయి. కొత్త కాంక్రీటుకు జిగురు పెట్టేముందు కనీసం 28 రోజులు ఆగడం ఆనవాయితీ. దాని పైభాగంలో తేలిన పలచని సిమెంటు పొర వేలితో రుద్దితే సుద్దలా అంటుకుంటుంటే, జిగురు ఆ పొడికి అంటుకుంటుంది తప్ప కాంక్రీటుకు కాదు. మిషనుతో రుద్ది ఆ పొరను తీసేయాలి. పాత కాంక్రీటు మీద నీరు ఇంకకుండా ఎప్పుడో పూసిన సీలరు మిగిలి ఉందో లేదో తెలుసుకోవడానికి నాలుగు చోట్ల నీటి చుక్కలు వేసి చూస్తే చాలు. చుక్క కొద్ది నిమిషాల్లో ఇంకి నేల నల్లబడితే జిగురు పడుతుంది, గుండ్రంగా అలాగే నిలిచి ఉంటే పట్టదు. కింది నుంచి చెమ్మ వస్తోందన్న అనుమానం ఉంటే సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపు వేసి అతికించి, కనీసం 16 గంటల తర్వాత తీసి చూడాలి. షీటు అడుగున నీటి బిందువులు పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే.

పగుళ్ళలో రెండు రకాలున్నాయి. కాంక్రీటు ఆరేటప్పుడు పడిన సన్నని పగులు కదలదు. దాన్ని నింపి దాని మీద టైలు వేయవచ్చు. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క దిగువగా ఉన్న పగులు మాత్రం నేల కుంగుతోందనో, చెట్టు వేరు లేపుతోందనో చెబుతుంది. అక్కడ టైలు పని ఆపి కింద ఏం జరుగుతోందో చూడటమే సరైనది. కాంక్రీటులో కావాలని వదిలిన కదలిక అతుకు మీదుగా టైలును అడ్డంగా అంటించడం కూడా పొరపాటే, ఎందుకంటే ఆ అతుకు తెరుచుకున్నప్పుడు టైలో, జిగురో తెగాలి. వీలైతే టైల్స్ అతుకును దాని మీదికే తేవాలి.

తారు నేల మీద పని కాస్త భిన్నం. కొత్త తారులో తేలికపాటి నూనెలు ఇంకా ఉంటాయి కనుక కొన్ని వారాలు ఆరనివ్వాలి, జిగురు తారుకు పనికొస్తుందని తయారీదారు ప్రత్యేకంగా రాసి ఉంటేనే వాడాలి. ఎండలో తారు మెత్తబడుతుంది కాబట్టి బరువు పడే చోట టైలు కాళ్ళు దానిలో దిగబడతాయి. ఇటుకల్లా పేర్చిన సిమెంటు దిమ్మల నేల మీదైతే జిగురు పెట్టకపోవడమే మేలు. ప్రతి దిమ్మ దానికదే కదులుతుంది, సందుల్లోంచి గడ్డి మొలుస్తుంది, ఏ రోజుకారోజు టైలు లేపి సరిచేసుకునే వీలుండాలి. నున్నటి పాత సిరామిక్ టైల్స్ మీద వేసేటప్పుడు ఒక కర్రతో తట్టుకుంటూ వెళ్ళి గుల్ల శబ్దం వచ్చిన వాటిని ముందే తీసేయాలి.

మేడ మీద వేసేవారు రెండు విషయాలు మరవకూడదు. 50 మిల్లీమీటర్ల మందపు టైల్స్ చదరపు మీటరుకు సుమారు 40 కిలోల బరువు తూగుతాయి, తడిసినప్పుడు ఇంకా ఎక్కువ. అలాగే నీరు దిగకుండా వేసిన పొరకూ రబ్బరుకూ మధ్య రసాయనాలు ఒకదానిలోంచి ఒకదానిలోకి పాకి ఆ పొరను పాడుచేసే అవకాశం ఉంది కనుక మధ్యలో వేరుపరిచే పొర ఒకటి ఉండాలి. మేకులు, స్క్రూలు దించే మాటే ఎత్తకూడదు.

జిగురా, ఒట్టిదా

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. టైల్స్‌ను నిలబెట్టే పద్ధతులు ప్రధానంగా మూడున్నాయి. మొదటిది, అంచుల్లో పళ్ళలాంటి కోతలున్న టైలు ఒకదానిలో ఒకటి ఇమిడి నిలవడం. రెండోది, టైలు పక్కల్లో రంధ్రాలు ఉండి, వాటిలో ప్లాస్టిక్ పిన్నులు దించి పక్క టైలుతో జతచేయడం. మూడోది, నున్నటి అంచులున్న టైలును జిగురుతో నేలకు అంటించడం. మొదటి రెండిటిలో నేలంతా కలిసి ఒకే చాపలా పనిచేస్తుంది. చాప నేలకు అంటుకుని లేదు కాబట్టి వేడికి చాపంతా కలిసి సాగుతుంది, చల్లబడితే కలిసి ముడుచుకుంటుంది. అలాంటి చాపకు అంచున చోటు కావాలి. పళ్ళ టైల్స్‌కు గోడ పక్కన సందు వదలమనడానికి కారణం అదే.

మూడో పద్ధతిలో ప్రతి టైలూ తన చోట తానే అతుక్కుని ఉంటుంది. అది సాగాలని చూస్తే జిగురు పట్టి ఆపుతుంది, ఆ సాగుడు రబ్బరు లోపలే నలిగి ఆగిపోతుంది. కదలిక ఒకచోట పోగుపడదు కనుక గోడ దగ్గర పెద్ద సందు అవసరం లేదు. పైగా చల్లబడినప్పుడు ప్రతి టైలూ తన చుట్టూ కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి వదులుగా అంటిస్తే ప్రతి అతుకూ నోరు తెరుస్తుంది. అందుకే అంటించే టైల్స్‌ను కాస్త ఒత్తి బిగించమంటారు. సలహాలు రెండూ నిజమే. ఒకటి చాపకు, ఒకటి అంటించిన పలకకు. ప్రమాదం ఎక్కడంటే ఒక పద్ధతి టైలును తెచ్చి రెండో పద్ధతి సలహాతో వేయడంలో.

ఆ ప్రమాదం నాకు అనుభవమే. మూడు వైపులా గోడలున్న ఒక పెరటి గచ్చు మీద పిన్నుల టైల్స్‌ను చల్లటి ఉదయం పూట వేశాను. టైలు ముడుచుకుని ఉన్న వేళ అది. అతుకు కనబడకపోతే అందంగా ఉంటుందని ప్రతి వరసనూ మోకాలితో నెట్టి, చివరి ముక్కను గోడకు బిగించి కోసి దించాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నేల మధ్యలో గుడారంలా ఒక గట్టు లేచింది, చేత్తో నొక్కితే దిగి పక్కన మరోచోట లేచేది. ఒక గోడ వెంట ఉన్న ముక్కలన్నీ బయటికి తీసి, ఒక్కొక్కటీ 10 మిల్లీమీటర్లు కోసి మళ్ళీ పెడితే మర్నాటికి నేల చదునుగా పడుకుంది. ఆ 10 మిల్లీమీటర్లు ముందే వదిలి ఉంటే సరిపోయేది.

మధ్యస్థ పద్ధతి కూడా ఒకటుంది, చాలా సందర్భాల్లో నాకు నచ్చేది అదే: లోపలి టైల్స్‌ను పిన్నులతో ఒట్టిగా పరిచి, మనుషులు ఎక్కి దిగే వైపున ఉండే వాలు అంచు ముక్కలను మాత్రం జిగురుతో నేలకు పట్టించడం. కాలు తగిలేది అంచుకే, గాలి దూరేది అంచు కిందికే, కనుక గట్టితనం అక్కడ ఉంటే చాలు. అయితే నాలుగు వైపులా అంటించి లోపలి చాపను బంధిస్తే మళ్ళీ మొదటి కథే. కనీసం రెండు పక్కల, వీలైతే గోడల వైపు, చాపకు కదిలే వెసులుబాటు మిగలాలి. తక్కువ మందం, తక్కువ బరువు ఉన్న టైల్స్ పెద్ద గాలులు వీచే చోట ఒట్టిగా నిలవవు, వాటికి పూర్తి జిగురు తప్పదు.

జిగురు పెట్టేటప్పుడు దాని స్వభావం కూడా తెలిసి ఉండాలి. ఈ పనికి ఎక్కువగా వాడే ఒంటి డబ్బా పాలీయురేథేన్ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. తేమ మంచిదే కదా అని తడి నేల మీద పూస్తే అది నీటితో కలిసి బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది, జిగురు నురగలా పొంగి టైలును పైకి నెడుతుంది. కంటికి తడి కనబడని నేల, వాన సూచన లేని రోజు, పళ్ళున్న తాపీతో పరిచిన సమానమైన పొర, ఒక టైలుకు సరిపడా కాదు, ఆరకముందే వేయగలిగినంత మేర మాత్రమే పూయడం, వేశాక బరువైన రోలరుతో ఒత్తడం: ఇవన్నీ జరిగితేనే అది పట్టు ఇస్తుంది. టైలు ముఖం మీద పడిన జిగురును అప్పటికప్పుడే తుడవాలి. గట్టిపడ్డాక తీస్తే దానితోపాటు రబ్బరు కూడా ఊడుతుంది.

పరిచే వేళ

టైల్స్ కట్టలుగా వచ్చినప్పుడు అడుగున ఉన్నవి పైవాటి బరువుకు నలిగి, పైవి ఎండకు సాగి, ఒక్కొక్కటి ఒక్కో కొలతలో ఉంటాయి. వాటిని కట్ట విప్పి, విడివిడిగా పరిచి, పని జరిగే చోటనే ఒకటి రెండు రోజులు ఉంచితే అన్నీ ఒక కొలతకు సర్దుకుంటాయి. పని మొదలుపెట్టే వేళ కూడా ముఖ్యమే. రోజులో మరీ చల్లని వేళా కాక, మరీ వేడి వేళా కాక మధ్యస్థంగా ఉన్నప్పుడు వేసిన నేల అటు ముడుచుకున్నా ఇటు సాగినా తక్కువ దూరమే జరుగుతుంది. వేడి మధ్యాహ్నం వేసిన ఒట్టి టైల్స్ రాత్రికి నోళ్ళు తెరుస్తాయి, ఉదయం వేసినవి మధ్యాహ్నానికి ఎగతన్నుతాయి.

మూలకు కొట్టిన మొదటి గీత వంకరైతే చివరి వరసకు ఆ వంకర అరచేయంత అవుతుంది. గోడలు నిజంగా మూలమట్టంగా ఉంటాయని నమ్మకూడదు. ఒక గోడ వెంట 3 మీటర్లు, దానికి అడ్డంగా 4 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 మీటర్లు వచ్చేలా దారం సరిచేస్తే మూల కచ్చితంగా కుదురుతుంది. ఆ దారాలకు ఆనించి మొదటి రెండు వరసలు వేసి, తర్వాతివి ఇటుక కట్టుబడిలా సగం సగం జరిపి వేయాలి. అలా వేస్తే ఎక్కడా నాలుగు మూలలు ఒకచోట కలవవు. నాలుగు మూలలు కలిసిన చోటే టైల్స్ ముందుగా ముక్కులెత్తుతాయి. పిన్నుల టైల్స్‌లో ఈ సర్దుబాటు వల్ల ప్రతి టైలూ పై వరసలో రెండిటికి, కింది వరసలో రెండిటికి బిగుసుకుని నేలంతా ఒక్కటిగా ముడిపడుతుంది.

కోయడానికి కొత్త బ్లేడున్న కత్తి, ఇనుప బద్ద, సబ్బు నీళ్ళు చాలు. ఒక్క కోతలో తెగాలని బలం పెట్టకుండా, అదే గీత మీద నాలుగైదు సార్లు నడిపిస్తూ, టైలు కింద ఒక చెక్క పెట్టి కోత నోరు తెరుచుకునేలా వంచితే బ్లేడు ఇరుక్కోదు. 40 మిల్లీమీటర్లు దాటిన మందానికి పెద్ద పళ్ళ జిగ్‌సా రంపం మేలు. స్తంభాల చుట్టూ గుండ్రంగా కోసేటప్పుడు ముందు అట్టముక్కతో నమూనా కోసి పెట్టి చూసుకోవడం మంచిది; టైలు ఒక్కసారే కోయగలం.

పిల్లలు పడే చోట

పిల్లల ఆట పరికరాల కింద వేసే టైలు విషయంలో మందం అందం కోసం కాదు, ఇక్కడ పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది. రబ్బరు మెత్తగానే ఉంటుంది కనుక ఏ టైలైనా రక్షిస్తుందన్న నమ్మకం తప్పు. ఒక నేల ఎంత ఎత్తు నుంచి పడితే రక్షిస్తుందో తేల్చడానికి తల ఆకారపు బరువులో త్వరణాన్ని (వేగం మారే తీరును) కొలిచే పరికరం అమర్చి, దాన్ని పెంచుకుంటూ పోయే ఎత్తుల నుంచి జారవిడుస్తారు. అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్1292, యూరప్‌లో ఈఎన్ 1177 ఈ పరీక్షను నిర్దేశించే ప్రమాణాలు. తాకిడి తీవ్రత గురుత్వాకర్షణకు 200 రెట్లు దాటకూడదు, తాకిడి తీవ్రతనూ అది కొనసాగిన సమయాన్నీ కలిపి లెక్కగట్టే తల గాయం సూచిక 1000 దాటకూడదు. ఈ హద్దుల లోపల నిలిచే అత్యధిక ఎత్తే ఆ టైలుకు సురక్షితమైన పతన ఎత్తు.

ఈ అంకె టైలు ఒక్కదానిది కాదు, టైలూ దాని కింది నేలా కలిసిన ఏర్పాటుది. అందుచేత కొనేముందు అడగాల్సిన ప్రశ్న టైలు మందం ఎంత అని కాదు, కాంక్రీటు మీద పెట్టి పరీక్షించినప్పుడు ఎంత ఎత్తు వచ్చింది అని. ఒకే మందం ఉన్న రెండు టైల్స్ అడుగు కాళ్ళ ఆకారాన్ని బట్టి, గింజలు ఎంత దట్టంగా ఒత్తారన్నదాన్ని బట్టి వేర్వేరు ఫలితాలు ఇస్తాయి. జారుడుబల్ల, ఉయ్యాల వంటి వాటిని టైల్స్ మీద నిలబెట్టకూడదు; వాటి కాళ్ళను ముందు కాంక్రీటులో పాతి, టైలును వాటి చుట్టూ కోసి పెట్టాలి. ముదురు రంగులు ఎండలో పసిపిల్లల పాదాలను కాల్చేంత వేడెక్కుతాయి కనుక నీడ లేని చోట లేత రంగే ఎంచుకోవాలని నా సలహా. లేత నీలం టైలు మొదటి నెలల్లో ఆకుపచ్చ ఛాయకు తిరిగితే కంగారు పడనక్కరలేదు. గింజలను పట్టి ఉంచే జిగురు ఎండకు పసుపెక్కడం వల్ల అలా కనిపిస్తుంది, నడక వల్ల పైపొర అరిగినకొద్దీ అసలు రంగు మళ్ళీ తేలుతుంది.

పని పూర్తయ్యాక చేయాల్సిన పోషణ తక్కువే, కానీ అది క్రమం తప్పకూడదు. ఆకులు, ఇసుక ఊడ్చేయడం, అప్పుడప్పుడు గొట్టంతో కడగడం, మరకలకు సబ్బు నీళ్ళే వాడటం. పెట్రోలు, థిన్నరు వంటివి జిగురును మెత్తబరచి గింజలను రాల్చేస్తాయి. ఒత్తిడితో నీరు చిమ్మే యంత్రం ముక్కును నేలకు ఆనించి కొడితే కూడా గింజలు లేస్తాయి. ఒట్టిగా పరిచిన నేలైతే ఏడాదికోసారి, వానలు మొదలయ్యే ముందు, తూము దగ్గరి టైలునూ నీరు ఎక్కువగా నడిచే దారిలో ఇంకొకదాన్నీ కొక్కెంతో లేపి చూడాలి. అడుగున గాళ్ళు ఖాళీగా, కాంక్రీటు పొడిగా ఉంటే తిరిగి పెట్టేయవచ్చు. బురద పట్టడం మొదలైతే ఆ వరసను తీసి కడిగి, గచ్చు మీద గుంట ఎక్కడ ఉందో నీళ్ళు పోసి వెతికి, సుద్దతో గీత గీసి పూడ్చి, ఆరాక టైల్స్‌ను వాటి వాటి చోట్లలో మళ్ళీ వేయాలి. పూర్తిగా అంటించిన నేలను ఇలా లేపి చూడలేం కనుక అక్కడ తూము నోటిని గమనించాలి: పెద్ద వాన వెలిసి ఒక రోజు గడిచినా అంచు కింద నుంచి సన్నని ధార ఇంకా కారుతూ ఉంటే టైల్స్ కింద ఎక్కడో నీరు నిలిచి ఉందన్నమాట.